గాజు గొట్టంలో మేలురకం ఎరుపు

చక్కెర జబ్బును బూరెలతో తగ్గించుకోబోయిన మొనగాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూసుకోండి. కొద్దిలో చావు తప్పింది. ఆ చావు కూడా నేతి చేతులు నాక్కుంటూ చచ్చేవాణ్ణి.

అప్పట్లో మా చుట్టుపక్కల మిరప రైతుల్లో నేనంటే కాస్త గురి ఉండేది. కల్లంలో ఎండబోసిన కుప్ప మీంచి ఒక్క కాయ తీసి చూసి, సరుకు సంగతి తేల్చేసేవాణ్ణి. ఎర్రగా నిగనిగలాడితే మేలురకం, పాలిపోయి పచ్చబడితే తాలు. ఇందులో పెద్ద విద్యేమీ లేదనుకోండి, నేను మాత్రం మీసం దువ్వుతూ చెప్పేవాణ్ణి.

అలాంటి నాకు ఒక ఏడు మనసు పాడైపోయింది. ఎందుకో నాకే తెలియదు. పంట బాగానే ఉంది, ఇంట్లో గొడవల్లేవు. అయినా తోటకు పోబుద్ధయ్యేది కాదు, గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. ఉత్తపుణ్యానికి ఏడుపొచ్చేది. ఊళ్లో కొందరు గాలి సోకిందన్నారు, కొందరు ఒళ్లు బరువన్నారు. నా భార్య కోటమ్మ మాత్రం ఆ మాటలు చెవిన పెట్టలేదు. దాహం దాహమని నేను కడవలు ఖాళీ చేయడం గమనించి, గుంటూరు బస్సెక్కించింది.

ఆమెను బయట బల్ల మీద కూర్చోమని నన్నొక్కణ్ణే లోపలికి పిలిచారు. డాక్టరు గారు చక్కెర జబ్బు అన్నారు. మా మేనమామ కాలు తీయించుకుని మరీ పోయింది ఈ జబ్బుతోనే. ఇక ఆ తర్వాత ఆయన చెప్పింది సగం కూడా నా బుర్రకెక్కలేదు. తీపి మానమన్నారు, మాత్రలు వేసుకోమన్నారు. నీలం మందులో నాలుగు చుక్కల మూత్రం పోసి, గాజు గొట్టాన్ని దీపం మీద కాచి, రంగు చూసుకోమన్నారు. ఏ రంగైతే ఏమిటో కూడా చెప్పే ఉంటారు. నేను గోడ చూస్తున్నాను. అయినా రంగు చూడటం నాకొకరు నేర్పాలా?

మొదటిరోజు గొట్టం నారింజ రంగుకు తిరిగింది. ఫరవాలేదు, మధ్యరకం అనుకున్నాను. కోటమ్మ జొన్నన్నం, ఆకుకూర తప్ప మరేదీ పెట్టేది కాదు. దాంతో రంగు పసుపయింది, ఆపైన ఆకుపచ్చకు దిగింది. పచ్చి తాలు! నా పని అయిపోయిందని మళ్లీ గోడవైపు తిరిగాను.

అంతలో మా బావగారింట్లో శుభకార్యం. ఎటూ పోయేవాణ్ణే కదా అని బూరెలు కడుపునిండా తిన్నాను. మర్నాడు గొట్టంలో ఎరుపు తొంగిచూసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నాకు బెల్లమే మందని కోటమ్మతో చెప్పాను.

"తీపి ఒద్దన్నారు కదయ్యా," అంది.

"అందరికీ అట్టాగే చెబుతారే. నా ఒంటి తత్వం వేరు. రంగు అబద్ధమాడుద్దా?"

ఆమె గొట్టాన్ని చూసింది, నన్ను చూసింది. నెలల తర్వాత నేను మంచం దిగి నవ్వుతున్నాను. పాపం, ఆ నవ్వు చూసి మెత్తబడిపోయి మూకుడు పొయ్యి మీద పెట్టింది. బూరెలు, అరిసెలు, కజ్జికాయలు. రోజూ పొద్దున్నే లేచి గొట్టం కాచుకోవడమే నాకు పండగ. కాళ్లు తిమ్మిరెక్కాయి, పంచె నడుము మీద నిలవడం మానేసింది. సరుకు మాత్రం రోజురోజుకూ ఎర్రబడుతోంది.

చివరికి గొట్టాన్ని తువ్వాల్లో చుట్టి, పోల్చి చూపడానికి మా కల్లంలో కాయొకటి జేబులో వేసుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఈసారి కోటమ్మ కూడా నా వెంట లోపలికొచ్చింది. రెండూ బల్ల మీద పెట్టి, మా కాయను మించిపోయిందండీ అన్నాను.

డాక్టరు గారు కాయను పక్కకు జరిపి గొట్టాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఏం తింటున్నావని అడిగారు. గర్వంగా చెప్పాను. ఎరుపంటే చక్కెర పొర్లిపోతోందని, నీలంగానే మిగిలితే మేలని ఆయన చెబుతుంటే కోటమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"నీకిదంతా చెప్పానుగదయ్యా," అన్నారాయన.

"జబ్బు పేరు విన్నాక ఇంకేమీ వినపళ్లేదండీ. అప్పటికే నాకు బతకాలని లేదు."

ఆ మాట అంతకుముందు కోటమ్మకు కూడా చెప్పలేదు. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"దిగులు కూడా జబ్బేనయ్యా. దానికి గొట్టం లేదు, రంగు తేలదు. నువ్వు నోరు తెరిచి చెబితేనే నాకు తెలిసేది."

ఆ రోజు చెప్పాను. ఆయన విన్నారు, కోటమ్మ విన్నది. అప్పట్నుంచీ ఆసుపత్రికి ఇద్దరం వెళతాం. చక్కెర సంగతి ఆమె వింటుంది, దిగులు సంగతి నేను చెబుతాను. రెండూ ఒక్కసారే లొంగలేదు. గొట్టం నీలంగా మిగిలిన రోజున కోటమ్మ దాన్ని వాకిట్లో ఎండకు పట్టుకుని చూసి ఏడ్చేసింది. నాకూ ఆగలేదు.

అప్పుడే కల్లంలోకి వెళ్లి, మిరప కుప్పలో చేయిపెట్టి ఒట్టేశాను. ఎర్రటిదల్లా మేలురకమని ఈ జన్మలో అననని, గోడవైపు తిరగాలనిపిస్తే ముందు కోటమ్మకు చెబుతానని. ఒట్టేసి, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నాను.

కోటమ్మ కడవ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఈసారి ఎందుకేడుస్తున్నానో ఆమెకు చెప్పాల్సిన పని లేకపోయింది.