రాజన్నకు ఇత్తడి బిళ్ల

ఆ వయసులో నాకు ఆకలి కన్నా అనుమానం ఎక్కువ. కువైట్ యుద్ధం నడుస్తూ బహ్రెయిన్‌లో సైరన్లు మోగుతున్న రోజులవి. దుబాయి పోతున్నానని ఊరంతా చెప్పి (మాకు గల్ఫ్ మొత్తం దుబాయే) బహ్రెయిన్‌లోని తుబ్లీ కూలీల క్యాంపులో వచ్చి పడ్డాను. క్యాంపు పక్క దుకాణం కోనసీమ బాబాయిది. చిల్లరకు కరువొచ్చిందని ఆయన ఇత్తడి రేకును గుండ్రంగా కత్తిరించి, తన గుర్తు కొట్టించి, చిల్లరకు బదులు ఆ బిళ్లలు ఇచ్చేవాడు. అవి ఆయన దుకాణంలోనే చెల్లుతాయి. ఈయన ఏ పూటో తాళం వేసి విమానమెక్కితే మా గతేమిటని, బిళ్ల తీసుకున్నప్పుడల్లా ఆయన ముఖం పరీక్షగా చూసేవాణ్ణి. ఆయనా నన్ను అలాగే చూసేవాడు. నేను పనిచేసే వర్క్‌షాపులో రేకు కోసే మిషను ఉందని ఆయనకు తెలుసు మరి.

ఒకరోజు సైరన్ మోగితే మంచం కింద దూరి, ప్రాణాలతో ఇల్లు చేరితే హుండీలో వేస్తానని వేములవాడ రాజన్నకు ముడుపు కట్టాను. పసుపు గుడ్డ దొరికింది గానీ (పసుపు పూసిన జేబురుమాలు లెండి) ఒక్క నాణెం లేదు. దుకాణం బిళ్లే కట్టాను. నన్ను బహ్రెయిన్ తెచ్చిన మేనమామ అది చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"దేవునికి దుకాణం బిళ్ల కడ్తవార? ఆయన దాంతోని సబ్బు కొనుక్కుంటడా?"

నాకు నిజంగానే భయం పట్టుకుంది. ఈ మొక్కు చెల్లకపోతే తర్వాతి బాంబు నాదే. మర్నాడు దుకాణానికి పరుగెత్తి, బిళ్ల తీసుకుని అసలు నాణెం ఇమ్మన్నాను.

"ఎందుకూ?" అన్నాడు బాబాయి కళ్ళు చిన్నవి చేసి. "నేను పారిపోతున్నానని ఎవరన్నా చెప్పారా ఏంటి?"

"ముడుపుకు, బాబాయ్. రాజన్నకు బిళ్ల ఎట్ల ఇయ్యాలె?"

ఆయన గల్లాపెట్టె తెరిచి చూపించాడు. నిండా బిళ్లలే. నన్ను కాసేపు చూసి, వెంకన్న పటం వెనక నుంచి తన ముడుపు తీసి, ముడి విప్పి, అందులోని నాణెం నా చేతిలో పెట్టాడు. నా బిళ్లను తన గుడ్డలో కట్టుకున్నాడు.

"చిన్నోడివి, ముందు నువ్వు ఇల్లు చేరు. నా బిళ్లకి నేను జవాబు చెప్పుకుంటాలే."

నేను దణ్ణం పెట్టానా? లేదు. అక్కడే, ఆయన ముందే, ఆ నాణేన్ని పళ్ళతో కొరికి చూశాను.

యుద్ధం ఆగింది. ఇద్దరం క్షేమంగా ఊళ్ళకు వెళ్ళి వచ్చాం. నా నాణెం రాజన్న హుండీలో పడింది. వెంకన్న ఆ బిళ్ల తీసుకున్నాడా అని బాబాయిని అడిగాను.

"తీసుకున్నాడయ్యా," అన్నాడు ఆయన చాయ్ పోస్తూ. "నీలాగ కొరికి చూళ్ళేదు."

ఇప్పుడూ బహ్రెయిన్‌లోనే, రిఫాలో ఉంటున్నాను, చిల్లరంతా ఫోన్‌లోనే. ఎవరైనా ఊరికే మంచి చేస్తే ఆ పాత అనుమానం ఇప్పటికీ లేస్తుంది. కొరికి చూద్దామంటే ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి.