ఏ గదీ దారివ్వని ఇనుపకడ్డీ

మా పెద్దమ్మ పోయిందని నాకు మొదట చెప్పింది, వీధిలో నవ్వుకుంటూ వస్తున్న ఆడపిల్లలు. పొద్దున బడికి వెళ్ళినవాళ్ళు అప్పుడే సంచులు ఊపుకుంటూ తిరిగొస్తుంటే ఎందుకని అడిగాను. "పాత హెడ్‌మిస్ట్రెస్ చచ్చిపోయినారంట అక్కా, బడికి లీవు విడిచినారు" అంది ఒక పిల్ల. కంబైనల్లూరులో మా మామ ఇంట్లో, జ్వరంతో, తెల్లవారుజామున పోయిందట. ఆ పిల్లల్ని తప్పుపట్టను, వాళ్ళకు ఆమె ఎవరో తెలియదు. తెలియకుండా చేసినవాళ్ళ మీద మాత్రం నాకు కోపం ఉంది. చదివేవాళ్ళు మన్నించాలి, ఆ కోపం దాచుకుని ఈ నాలుగు మాటలు రాయడం నావల్ల కాదు.

ధర్మపురిలో మన తెలుగు వర్తకుల కుటుంబాలు కట్టించిన ఆడపిల్లల బడికి ఆమె హెడ్‌మిస్ట్రెస్. పాఠం అరవంలో, తిట్లు తెలుగులో. ఎవరి ఇంటికి వెళ్ళినా కూర్చునే ముందు వేలిమడతతో గోడ తట్టి చూసేది. నాకు సంబంధం చూడడానికి వెళ్ళినప్పుడు కూడా అదే పని. మా అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

"అక్కా, నువ్వు పెండ్లికొడుకును చూడను వచ్చినావా, గోడను చూడను వచ్చినావా?"

"పిల్ల బతకల్సింది ఈ గోడల నడుమనే కదే. పిల్లోణ్ణి నువ్వు చూడు" అంది పెద్దమ్మ.

ఈ అలవాటు పుట్టుకతో వచ్చింది కాదు. ఒక ఏడు మా ఊళ్ళో భూమి కాస్త కదిలింది. వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి, మధ్యాహ్నానికల్లా అందరూ మరిచిపోయారు. పెద్దమ్మ మరిచిపోలేదు. బడిలో పాత పొడుగు కట్టడానికి ప్రతి మూలా పగులు విచ్చింది. ఇటుక, సున్నంతో లేపిన గోడలు, పైన దూలాల మీద మిద్దె. మూలల్లో గోడకూ గోడకూ పట్టు లేదు. ఆమె సేలం నుంచి ఒక ఇంజనీరును పిలిపించింది. పడగొట్టనక్కరలేదు, మిద్దె కింద గోడకు అటూ ఇటూ ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఇనుపకడ్డీలు వేసి, చివర్లలో పలకలు పెట్టి నట్లు బిగిస్తే నిలుస్తుందన్నాడు ఆయన. బండిచక్రానికి ఇనుపపట్టా వేసినట్టన్నమాట.

చిక్కంతా ఆ "ఈ చివరినుంచి ఆ చివరిదాకా" దగ్గరే వచ్చింది. కడ్డీ ప్రతి గది అడ్డగోడనూ తొలుచుకుని పోవాలి. ఆ కట్టడంలో ఒక్కొక్క గది ఒక్కొక్క కుటుంబం తమ తాత పేరు మీద కట్టించింది. తాత తిథి నాడు ఆ ఇంటివాళ్ళే వచ్చి తమ గదికి సున్నం వేయిస్తారు, పిల్లలకు పొంగలి పెడతారు. మంచి ఆచారమే. కానీ గదులకు సొంతదారులున్నారు, కట్టడానికి లేరు. పైగా నడిమి గది అన్న వంశానిది, దాని పక్క గది తమ్ముడి వంశానిది. ఆ దాయాదులు ఒకరి ఇంట్లో ఒకరు నీళ్ళు కూడా ముట్టరు.

ఆ ఇళ్ళవాళ్ళను ఒప్పించడానికి పెద్దమ్మ అంగడి అంగడికీ తిరిగింది. బడి పాలన చూసే కరస్పాండెంటుగారి జవుళి అంగడిలో బడి కమిటీ కూర్చున్నప్పుడు నన్నూ వెంట తీసుకుపోయింది. బల్లమీద పిల్లల రాతపలకలు నాలుగు గదిలాగా నిలబెట్టి బల్లను గుద్దింది. పలకలు పడ్డాయి. మళ్ళీ నిలబెట్టి, చుట్టూ జడ రిబ్బను బిగించి కట్టి గుద్దింది. నిలిచాయి.

"రిబ్బను బాగుందమ్మా. మన అంగడిలో ఇంకా మంచి రకం ఉంది" అన్నాడు కరస్పాండెంటు. అందరూ నవ్వారు.

నడిమి గది పెద్దాయన మాత్రం నవ్వలేదు. "వాళ్ళ గదిలోనించి వచ్చే కడ్డీ మా తాత గోడకు తూటు పొడిచి లోపలికి రావల్లనా? నేను బతికుండంగా జరగదు టీచరమ్మా."

"భూమి కదిలేటప్పుడు ఇది అన్న గది, ఇది తమ్ముని గది అని చూసి కదలదు సామీ. లోపల కూర్చునేది మీ మనవరాళ్ళే" అంది పెద్దమ్మ.

"సరిమా, చూస్తాము" అన్నారు. ఆ మాటకు అర్థం ఏమిటో మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆమె ఊరుకోలేదు. పొడుగు కట్టడానికి తాళం వేసి, తరగతులను చింతచెట్ల కిందికి మార్చింది. వానలు వచ్చాయి. పుస్తకాలు తడిశాయని తల్లిదండ్రులు గొణిగారు. టీచరమ్మకు మతి చెడిందని కమిటీవాళ్ళు ఊరంతా చెప్పారు, ఊరు నమ్మింది. ఆరోగ్యం బాగాలేదని ఆమె చేతే రాజీనామా రాయించుకుని, సన్మానమని పొన్నాడ శాలువా కప్పి, ఫోటో తీసి ఇంటికి పంపారు. తర్వాతి వారమే పగుళ్ళలో సిమెంటు పూసి, పచ్చరంగు వేసి, పిల్లల్ని మళ్ళీ లోపలికి తోలారు. ఆమె ముందుగానే చేయించి పెట్టిన కడ్డీలు సైకిళ్ళ షెడ్డుకు పనికొచ్చాయి. ఇప్పుడు సైకిళ్ళకు ఏ భయమూ లేదు.

పోయిన నెల చూడడానికి వెళ్ళినప్పుడు నేను ఉండబట్టలేక అన్నాను, "ఒక్కసారి ఆ గోడ కూలిపోతే తెలుస్తుంది పెద్దమ్మా, వాళ్ళకు."

మంచంలో లేవలేనిది, చెయ్యెత్తి నన్ను కొట్టబోయింది. "నోరు ముయ్యవే. పిల్లలుండారు లోపల. అది పడకుంటే నన్ను పిచ్చిది అంటారు, అంతే కదా? అననీ. నేను పిచ్చిదిగానే పోవల్ల. దేవునికి దినమూ అదే మొక్కుకుంటాను."

అంత మాట అనగలిగిన మనిషిని నేను మళ్ళీ చూడను. అంత పెద్ద మనసు నాకు లేదు, ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గూ లేదు.

సంతాపసభ ఆ కట్టడంలోనే పెట్టారు. కరస్పాండెంటు మైకు పట్టుకుని, "పాపం, మహాతల్లి ఊరికే భయపడింది. చూడండి, మన పెద్దలు కట్టిన గోడ ఎట్ల నిలిచి ఉందో" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి అరుద్దామనుకున్నాను. ఏమని అరవాలి? ఆయన మాటే నిజం కావాలని ఆమె మొక్కుకున్నది. పళ్ళు బిగబట్టి నేనూ అదే మొక్కుకున్నాను.

సభ ముగిశాక గంట కొట్టారు. పిల్లలు తోసుకుంటూ లోపలికి వచ్చారు. ఎండలో ఆడి వచ్చినవాళ్ళు, చెమట ఆరడానికి బెంచీలను జరుపుకుని వరసగా గోడకు వీపులు ఆనించి కూర్చున్నారు. పాత సున్నపు గోడ వేసవిలో చల్లగా ఉంటుంది. ఒక చిన్నపిల్ల చెంప కూడా దానికి ఆనించి కళ్ళు మూసుకుంది.