అవ్వ సీసా, నా సాక్ష్యం

మా చర్చి సంఘం ముందు నిలబడి నా పరువు నేనే రెండు ఆదివారాల్లో తీసుకున్న కథ ఇది. మొహమాటపడకుండా నవ్వండి, పుంగనూరంతా అప్పుడే నవ్వేసింది.

అప్పట్లో నేను కుప్పంలో పరిశోధన చేసేవాణ్ణి. మన ఒంట్లో ప్రతి కణానికీ కొవ్వుతో అల్లిన పల్చటి పొర ఉంటుంది. అలాంటి కొవ్వుతోనే నీళ్ళలో కంటికి కనపడనంత చిన్న బుడగలు చేసేవాణ్ణి. అన్నిటికీ రుణావేశమే, అంటే మైనస్ ఛార్జే కాబట్టి, మాటల్లేని తోడికోడళ్ళలా ఎడంగా జరిగిపోయేవి. ఒక ప్రోటీన్ వాటిని దగ్గర చేస్తుందని నిరూపించాలి. ఆరు నెలలైనా అవి మొహాలు చూసుకోలేదు.

సోమవారం పుంగనూరులో బస్సెక్కేటప్పుడు అవ్వ నా సంచిలో నీళ్ళ సీసా పెట్టేది. అవ్వ ప్రార్థించిన నీళ్ళంటే మా వీధికి మందుల షాపుతో పనిలేదు. ఒకరోజు విసిగిపోయి, ల్యాబులోనే మోకరించి, డిస్టిల్డ్ వాటర్ పోయాల్సిన చోట ఆ సీసా వంచాను. కళ్ళు తెరిచేసరికి గాజు గొట్టంలో నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. బుడగలు గుంపు కట్టాయి!

ఆదివారం సంఘంలో అరగంట సాక్ష్యం చెప్పాను. స్తోత్రాలతో రేకులు అదిరాయి. అవ్వ మాత్రం ఎందుకో తల దించుకుంది. వినయం అనుకున్నాను. కబురు మదనపల్లె దాకా పోయి, అక్కడా చెప్పమని పిలుపు వచ్చింది.

మర్నాడు నా పరిశోధనకు గైడైన మేడం ఆ గొట్టం వెలుతురుకెత్తి చూశారు.

"ఏం కలిపినావప్పా?"

"ప్రోటీన్, మేడం. ఇంకా... మా అవ్వ ఇచ్చిన నీళ్ళు."

"యాడి నీళ్ళు?"

"పుంగనూరు బోరువి."

"అవి కాగబెడితే గిన్నెకి ఏం పడతాది?"

"తెల్లగా గార..."

"కాల్షియం! దాని ధనావేశం చాలు, నీ బుడగలు అతుక్కునేదానికి. డిస్టిల్డ్ వాటర్ తప్ప ఏమీ పోయొద్దని మొదటి నెలలోనే చెప్పినా కదప్పా!"

ప్రోటీన్ లేకుండా ఆ నీళ్ళే పోసి చూపించారు. మళ్ళీ పాలే.

దేవుని ఎదుట తెలియక చెప్పినా తప్పు తప్పే. దిద్దుకోవాలి. కానీ అవ్వ ప్రార్థనను పదిమందిలో చిన్నబుచ్చినట్టవుతుందేమోనని వారమంతా తటపటాయించాను.

మళ్ళీ ఆదివారం కళ్ళు తుడుచుకుంటూ లేచాను. "అది అద్భుతం కాదు. బోరు నీళ్ళలో సున్నం. అవ్వా, నన్ను క్షమించు."

ఆడవాళ్ళ వరసలో అవ్వ లేచింది.

"యాల ఏడస్తాండావు నాయనా? నువ్వు పోయినవారం చెప్తాంటే నాకే సిగ్గయింది. ఆ దినం బస్సు వస్తాండాదని గాబరాగా బోరు కొళాయి కింద పట్టిచ్చినా. ఆ నీళ్ళకి నేను ప్రార్థనే చెయ్యలేదు!"

మొదట నవ్వింది పాస్టరుగారే.

కొన్నేళ్ళకు అవ్వ ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయింది. ఆ ఖాళీ సీసా ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. దాని ముందు చేతులు కట్టుకుని నేను చేసుకున్న తీర్మానం ఒక్కటే: ఇకపై ఏ సాక్ష్యమైనా, ఒట్టి నీళ్ళతో మూడుసార్లు చేసి చూశాకే!