కలాత్ పెద్దావిడ తలుపు తీసిన రోజు

ఈ ఉదయం ఫోన్లో వర్షం హెచ్చరిక మోగగానే లేచి వీధి తలుపు గడియ తీసిపెట్టాను. గోదావరి గట్టున పుట్టి వానకు భయపడటమేమిటని మా ఆయన నవ్వాడు. నవ్వితే నవ్వనీ. ఒమాన్‌లో, ఈ మబేలాలోనే, ఒక బలూచీ పెద్దావిడ ఇంట్లో నేను పడ్డ భయం ఆయన పడలేదు.

ఆస్పత్రిలో కాంట్రాక్టు అయిపోయాక, ఆవిడను కనిపెట్టుకుని ఉండే నర్సుగా చేరాను. వాగు పక్కన మేడ లేని ఇల్లు. ఇక్కడ వాగును వాదీ అంటారు. ఏడాదంతా ఎండిపోయి, కార్లు పెట్టుకోవడానికి పనికొస్తుంది. కొడుకు డ్యూటీ దూరాన బురైమి ఊళ్లో, సెలవు రోజునే వచ్చేవాడు. ఆవిడకు షుగరు, మోకాళ్ల నొప్పులు, వీటికి మించి కలాత్. ఒకప్పుడు బలూచిస్తాన్‌లో ఖాన్‌లు ఏలిన సంస్థానం అది. ఇన్సులిన్ ఇవ్వాలంటే ముందు ఒక ఖాన్ కథ వినాలి. ఆవిడ ఉర్దూలో చెబుతుంటే నాకొచ్చిన ఆస్పత్రి హిందీలో ఊకొట్టేదాన్ని. ఒక్క కథ మాత్రం గొంతు తగ్గించి చెప్పేది. సంస్థానం పాకిస్తాన్‌లో కలిసిన కొన్నేళ్లకు సైనికులు వచ్చి ఖాన్‌ను పట్టుకెళ్లారట. వాళ్ల నాన్న ఖాన్ గుర్రాలు చూసుకునేవాడు. ఆ రోజే వీళ్ల తలుపూ తట్టారు. "నాన్న తలుపు తీశాడు బేటీ. మళ్లీ రాలేదు" అనేది. అందుకే యూనిఫాం వేసుకున్నవాడెవడొచ్చినా ఆవిడ తలుపు తీసేది కాదు. కరెంటు మీటరు చూసేవాడు కూడా ఎండలో నిలబడి, తిట్టుకుని పోయేవాడు. నేను లోపల నవ్వుకునేదాన్ని.

కుండపోత వాన కురిసిన ఆ మధ్యాహ్నం నవ్వు రాలేదు. వాదీ పొంగి గుమ్మం కిందనుంచి నీళ్లు లోపలికొచ్చాయి. కరెంటు పోయింది, ఫోన్ పలకలేదు. మంచం కోళ్లు మునుగుతుండగా ఎవరో తలుపు దబదబా బాదారు. కిటికీలోంచి చూస్తే యూనిఫాముల్లో సహాయక దళం వాళ్లు, చేతుల్లో తాళ్లు, వెనక లారీ. ప్రభువా, బతికాం అనుకున్నాను. వెనక్కి తిరిగితే ఆవిడ తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది. తాళంచెవి ఆవిడ బలూచీ గౌను ముందుండే పెద్ద జేబులో ఉంది.

"తియ్యకు. తీస్తే పట్టుకుపోతారు."

"మనల్ని కాపాడ్డానికే వచ్చారమ్మా."

"నాన్నతో కూడా మంచిగానే మాట్లాడారు."

బతిమాలాను, కసిరాను. జేబులో చెయ్యి పెట్టబోతే చెంప ఛెళ్లుమనిపించింది. కిటికీలకు ఇనుప ఊచలు, నీళ్లు మోకాళ్లు దాటాయి, నాకు ఈత రాదు. మా ఊళ్లో ఉన్న నా పిల్లలు కళ్లముందు మెదిలారు. పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు తట్టింది, ఆవిడ గర్వంగా చెప్పే మరో కథ. పూర్వం ఒమాన్ రాజకుమారుడొకడు ఇంట్లోవాళ్లతో చెడి సముద్రం దాటి పారిపోతే, కలాత్ ఖాన్ ఆశ్రయమిచ్చి, బతకడానికి గ్వాదర్ రేవును అప్పగించాడట. అలా శరణు కోరినవాణ్ణి బలూచీలు బాహోట్ అంటారు. వాడికోసం ఆ ఇంటివాళ్లు ప్రాణమైనా ఇవ్వాలి, కాదనడానికి లేదు.

నీళ్లలోనే ఆవిడ కాళ్లు పట్టుకున్నాను. "నేను మీ బాహోట్‌ని. చచ్చిపోతున్నానమ్మా, నన్ను బయటికి చేర్చండి" అన్నాను. నాటకం కాదు, నిజంగానే ఏడుస్తున్నాను.

ఆవిడ తల మీద ముసుగు సవరించుకుంది. తాళం తీసి, నన్ను తన వీపు వెనక్కి నెట్టి, గుమ్మంలో నిలబడింది. "ఈ పిల్ల నా శరణులో ఉంది. తీసుకుపోతే నన్ను తీసుకుపోండి" అంది వాళ్లతో అరబ్బీలో. వాళ్లలో పెద్దవాడు తెల్లబోయి, "సరేనమ్మా" అని ఆవిడను ఎత్తుకున్నాడు.

లారీలో ఆవిడ గోళ్లు నా చేతిలో దిగబడ్డాయి. పట్టుకెళ్తున్నది ఆనాటి సైనికులేనని ఆవిడ నమ్మకం. అలా నమ్మే, నా కోసం ఎక్కింది. కాలం అన్నీ మాన్పుతుందని నర్సుగా ఎందరికో చెప్పాను. ఆవిడకు నాన్న తలుపు తీసిన ఆ రోజు ఇంకా గడవనే లేదు.