రెండో అమ్మాయి కుర్చీ

కళ్ళజోళ్ళ దుకాణం బాబాయికి ఒకటే జబ్బు. ఫోనులో ఎవరి ఫొటో చూపించినా "ఎవరీ అమ్మాయి?" అంటాడు. ఊరందరి చూపూ సరిచేసే మనిషికి ఇంట్లోవాళ్ళే కంటికి ఆనరు. పిన్ని మురిసిపోతూ తన ఫొటో చూపిస్తే, "మీ చెల్లెలా? ఎప్పుడూ చెప్పలేదే," అన్నాడు. ఆ పూట ఆయనకు ఆయనే వడ్డించుకోవలసి వచ్చింది.

ఆయన 'పిచ్చుకా' అని పిలిచే అన్నగారి అమ్మాయికి పదిహేనేళ్ళు. ఫిల్టరు పెడితే ఫోనులో ఆమె బుగ్గలు లోపలికి పోయేవి, ముక్కు సన్నబడేది, ముఖం తోమిన గిన్నెలా మెరిసేది. ఆ ముఖం ఫొటో పెడితే అంతమంది మెచ్చుకున్నాక, అసలు ముఖంతో వీధిలోకి వెళ్ళడానికి ఆమెకు కాళ్ళు రాలేదు. చిన్నప్పటినుంచీ ఒకే బెంచీమీద కూర్చున్న పక్కవీధి స్నేహితురాలు పిలిచి పిలిచి ఊరుకుంది.

బాబాయి ఆ ఫొటో చూసి కూడా ఎవరీ అమ్మాయి అన్నాడు.

"నేనే, బాబాయ్."

"నువ్వు ఇక్కడున్నావుగా. పాపం, ఆ పిల్ల బాగా చిక్కిపోయింది. ఓసారి భోజనానికి రమ్మను."

అని ఊరుకుంటే బాబాయి ఎందుకవుతాడు? ఆ రోజునుంచీ బల్ల దగ్గర పిచ్చుక పక్కన ఖాళీ కుర్చీ వేసి, కంచం పెట్టి, గ్లాసులో నీళ్ళు పోసి, ఇంకా రాలేదేమని గుమ్మం వైపు చూసేవాడు. మొదట్లో అందరూ పగలబడి నవ్వారు. పోనుపోను పిన్ని కూడా ఆ కుర్చీకి తగలకుండా చుట్టూ తిరిగి వెళ్ళసాగింది. పిచ్చుక ఆ వైపు భుజాన్ని దగ్గరికి ముడుచుకుని తినేది.

ఒక సాయంత్రం, ఇంకా దీపాలు వేయకముందు, ఆమె బల్ల దగ్గర కూర్చుని ఫోను ఎత్తింది. తెరమీద ఫిల్టరు గుర్తు ఒక ముఖం కోసం వెతికింది. అది ఆమెను వదిలేసి పక్కకు జరిగి, ఖాళీ కుర్చీ దగ్గర ఆగింది. గాలిలో నున్నటి బుగ్గలు, పెద్ద పెద్ద కళ్ళు తేలాయి. ఫోను కదిపినా ఆ కళ్ళు కుర్చీలోంచి కదలలేదు. ఒకసారి రెప్ప వేశాయి.

పిచ్చుక ఇవతలికి జరిగింది. "బాబాయ్, కుర్చీలో ఎవరో ఉన్నారు."

బాబాయి వచ్చి ఫోనులోకి తొంగి చూశాడు. ఆయన గొంతు కూడా తగ్గింది.

"ఈ అమ్మాయెవరో నాకు తెలీదమ్మా. నేను కుర్చీ వేసింది ఈమెకు కాదు."

అంతలో తలుపు చప్పుడైంది. పక్కవీధి స్నేహితురాలు గుమ్మంలో నిలబడింది. గడ్డంమీద మొటిమలు, ముక్కుమీదికి జారిన కళ్ళజోడు. బాబాయి బిగించిన స్క్రూ ప్రతిసారీ రెండో రోజుకే వదులైపోతోందట. దుకాణానికి వెళ్ళినప్పుడల్లా, మా ఇంట్లో నీకు కుర్చీ వేసి ఉంచాం అంటున్నాడట. పిచ్చుక పిలిస్తేగాని రానని తను మొండికేసిందట.

"ఇవాళ నువ్వే పిలిచావన్నారు మీ బాబాయి. నిజమేనా?"

పిచ్చుక చేత్తో ముఖం దాచుకోబోయి మానేసింది.

"పిలిచాను. కూర్చో."

స్నేహితురాలు ఆ కుర్చీలోనే కూలబడింది. పిచ్చుక ఒక్క క్షణం ఊపిరి బిగపట్టింది. తర్వాత ఫిల్టరు తీసేసి, ఇద్దరి ఫొటో తీసి బాబాయి చేతికిచ్చింది. ఆయన చాలాసేపు చూశాడు.

"వీళ్ళిద్దరూ నాకు తెలుసు," అన్నాడు.

ఆ తర్వాత జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, స్నేహితురాలి కళ్ళజోడు అందుకుని, మొదటిసారిగా స్క్రూ గట్టిగా బిగించాడు.