గుంజ మోసేంత బరువు

మా వెనకింటివాళ్లు స్లాబు వేయిస్తున్నారు. కాంక్రీటు పోసేముందు మేస్త్రీ సెంట్రింగు కర్రలను సుత్తితో ఒక్కొక్కటే తట్టి చూస్తున్నాడు. ఆ టకటక చప్పుడు వంటింట్లోకి వినబడగానే పొయ్యి మీద పాలు మరిచిపోయి దానియేలు కాకను తలచుకుంటూ నిలబడ్డాను. పాలు కాస్తా పొంగిపోయాయి. కాక ఉంటే "పని మీద సోయి లేదు గీ పిల్లకు" అని నాలుగు తిట్టేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో ఆయన గోదావరిఖనిలో మొక్కల నర్సరీకి సూపర్‌వైజరు. నేను ఆయన కింద పనిచేసేదాన్ని. అంతకుముందు ఆయనది భూగర్భ గనిలో పని. మా వైపు గనిని బాయి అంటాం. బాయిలో కప్పు కూలకుండా కర్ర గుంజలు నిలబెట్టేవాడు. కాలు విరిగాక నేల మీది పనికి వచ్చాడు. మొక్కల్ని బుజ్జగించేవాడు, మనుషుల్ని కసురుకునేవాడు. ఏటా వానాకాలంలో పెద్దసార్లు మొక్క నాటి ఫోటో దిగడానికి వస్తే, "సార్, గీ గుంతల నాటుండ్రి. పోయినేడు గూడ గిండ్లనే నాటిండ్రు, మీకు అలవాటైన గుంత" అనేవాడు, మొహంలో నవ్వు లేకుండా. నేను నీళ్ల డ్రమ్ము చాటుకు పోయి నవ్వుకునేదాన్ని.

మా ఆయన ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపేవాడు. ఆ గనిలోంచి తీసి పోసిన మట్టిగుట్ట మీదే నేను మొక్కలు నాటేదాన్ని. డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పుతూ, "నేను తెచ్చిన బొగ్గుకు నువ్వు నాటిన చెట్టు. చెల్లుకు చెల్లేనా?" అనేవాడు. "చెల్లుకు చెల్లే" అనేదాన్ని. సరదా మాటే అయినా నేను దాన్ని నిజంగానే నమ్మాను. మా తిండికి ఎవరి ఉసురూ తగలదన్న ధైర్యం నాకు ఆ మాటే ఇచ్చింది.

ఒకసారి మాకు శిక్షణ పెట్టారు. పట్నం నుంచి వచ్చిన ఒక మేడం ఉన్నదున్నట్టు చెప్పింది. చెట్టు పెరిగేకొద్దీ బొగ్గుపులుసు వాయువును కొంచెం కొంచెంగా దాచుకుంటుందట. కాలిస్తే బొగ్గు మాత్రం యుగాలుగా దాచుకున్నదాన్ని ఒక్క పూటలో వదిలేస్తుందట. దేశమంతా కాల్చేదానికి సరిపడా నాటాలంటే పంటపొలాలు కూడా మిగలవంది. నాకు అన్నం సహించలేదు. మర్నాడు మొక్కల సంచి కింద పడేసి, "కాకా, నేను పని ఇడిసిపెడుతున్న. మనం చేసేది ఉత్త మోసం" అన్నాను. ఏడుపు ఆగలేదు.

కసురుకుంటాడనుకున్నాను. వేపచెట్టు కింద కూర్చోబెట్టాడు.

"ఆ మేడం చెప్పింది నిజమే బిడ్డా. బాయిల నేను గుంజ పెట్టినప్పుడు, మీదున్న భూమంత అదే మోస్తదనుకున్ననా? మోయది. దాని కింద పని చేసేటోళ్లు పానంతోని ఇంటికి రావాలె. గంతమందమే మోస్తది."

"మరి అది చాలదు కద కాకా?"

"చాలదు. చాలదని ఎరికుండే పెట్టాలె. గుంజలున్నయి కద, ఇంకింత తవ్వుండ్రి అన్నడు పని చూసే సర్దారు ఒకనాడు. తవ్వినం. కప్పు కూలింది. గీ కాలు గప్పుడే విరిగింది." మోకాలు రుద్దుకున్నాడు. "తప్పు గుంజదా, తవ్వినోళ్లదా?"

"తవ్వినోళ్లదే" అన్నాను.

"చెట్టును చూపి ఇంకింత కాలిస్తె అది మోసం. నాటుడు మోసమెట్లయితది? కాల్చుడు తగ్గియ్యాల్సినోళ్లు తగ్గియ్యాలె. గా బరువు మొక్క నెత్తిన పెట్టకు. నీ నెత్తిన అసలే పెట్టుకోకు."

గుండె మీద నుంచి బండ దించినట్టయింది. కళ్లు తుడుచుకుంటూ ఉండగానే, "లే, సంచి ఎత్తు. మొక్కల ఏర్లు ఎండుతున్నయి" అని అరిచాడు.

ఆ సాయంత్రం మా ఆయన ఎప్పటిలాగే "చెల్లుకు చెల్లేనా?" అని అడిగాడు. "కాదు. ఎన్ని నాటినా కాదు" అన్నాను. ఆయన రెండో బూటు విప్పుతూ, "నాకు ఎప్పటిసందో ఎరికే. నువ్వు రంది పెట్టుకుంటవని గట్ల అంటున్న" అన్నాడు. నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఆ రాత్రి ఇద్దరం కడుపునిండా తిన్నాం.

తెలంగాణ వచ్చేనాటికి ఆ మట్టిగుట్ట పచ్చబడింది. కాక దాన్ని చూసే పోయాడు. నేను ఇప్పటికీ అక్కడే పని చేస్తున్నాను. చూడటానికి వచ్చినవాళ్లు, "ఇన్ని చెట్లున్నాయి, ఇక బొగ్గెంత కాల్చినా ఫికరు లేదు కదమ్మా?" అంటుంటారు. ఒకప్పుడైతే తల ఊపేదాన్ని, లేదా ఏడ్చేదాన్ని. ఇప్పుడు వాళ్ల కళ్లలోకి చూసి "చాలవు" అంటాను. ఆ మాట అన్న ప్రతిసారీ నా ఊపిరి తేలికపడుతుంది. ఆ తర్వాత గడ్డపార అందుకుంటాను.