ఎర్రకారు విలువ పెరిగిన విధం

మా బావని ఆఫీసులో అందరూ యముడంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆయన సర్కారు వాహనాల డిపోలో తనిఖీదారు. కాలం చెల్లిన బస్సులూ జీపులూ చెత్త లారీలూ ఆయన ముందుకొచ్చి నిలబడతాయి. బావ చెవిమీద పెన్సిలు, చేతిలో చిన్న సుత్తి పెట్టుకుని వాటి చుట్టూ తిరిగి, అక్కడక్కడా ఠంగుమని కొట్టి, ఆ మోతని బట్టి లోపల తుప్పెంతో చెప్పేస్తాడు. తర్వాత అట్టమీద కాగితం పెట్టుకుని ‘మరమ్మతుకు తగదు’ అని రాసి సంతకం చేస్తాడు. ఇక ఆ బండి తుక్కుకొట్టుకి పోవలసిందే. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. తన సంతకం పడ్డాక మళ్ళీ లేచి తిరిగిన బండి ఒక్కటీ లేదని గర్వంగా చెప్పుకునేవాడు.

ఈ రోగం ఇంటికీ అంటింది. మా ఇంటికొస్తే కుర్చీని వేలితో కొట్టి చూసిగానీ కూర్చోడు. బజారులో పుచ్చకాయల వాడికి ఆయన కనిపిస్తే హడలు. అలాంటి మనిషి నలభై ఎనిమిదో ఏట, ఇరవై ఏళ్ళనాటి పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఎర్రది. రెండే సీట్లు. పైకప్పు గుడ్డది. ఒక వకీలు గారి షెడ్డులో దుమ్ము కొట్టుకుని ఉంటే, పది నెలల జీతం పోసి తెచ్చుకున్నాడు. కొత్తదైతే పది జన్మల జీతం చాలదు కాబట్టి చవకగా కొట్టేశానని ఆయన ఉద్దేశం.

నేను ఆయన భార్యకి తమ్ముణ్ణి. బడిలో పిల్లలకి లెక్కలు చెబుతాను. తప్పు లెక్క కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

“పది నెలల జీతం పోసి తుక్కు కొన్నావేంటి బావా?” అన్నాను.

“తుక్కేంటిరా? సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి చూడు. గంటలా మోగుతుంది.”

“గంటే కావాలంటే గంటే కొనుక్కోవచ్చుగా?”

బావకి కోపం రాలేదు. కారు తలుపు మీద చెయ్యేసి, “ఇరవై రెండేళ్ళుగా చంపుతూనే ఉన్నానురా. ఒక్కదాన్నైనా బతికించుకోనీ,” అన్నాడు. ఆయన మీద జాలేసి, తిరిగిచ్చేయమనడం మానుకున్నాను. ఆ జాలే మా కొంప ముంచింది.

మా అక్క దర్జీపని చేస్తుంది. వీధి వైపున్న ముందుగది ఆమె కొట్టు. షట్టరు ఎత్తితే లోపల బట్ట కత్తిరించే పొడవాటి బల్ల, కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకి నిలువుటద్దం. కారొచ్చిన మూడో రోజున వాన పడింది. గుడ్డకప్పు చిరుగుల్లోంచి నీళ్ళు కారి సీట్లు నానాయి. బావ తల్లడిల్లిపోయాడు. “నాలుగు రోజులే. కప్పు కుట్టించగానే తీసేస్తా,” అని అక్కని బతిమాలాడు. బల్ల పెరట్లోకి, మిషను వంటింట్లోకి, అద్దం మంచం కిందికి వెళ్ళాయి. కారు ముందుగదిలోకి వచ్చింది. షట్టరు దిగింది. ఆ నాలుగు రోజులు పద్నాలుగు నెలలు సాగాయి.

కారుని మొదటిసారి చూసిన మెకానిక్కు ‘ఎంతకు కొన్నారు’ అని అడగలేదు. “ఎందుకు కొన్నారు సార్?” అన్నాడు. వాడు నిజాయితీపరుడు. వచ్చిన ప్రతిసారీ అమ్మేయమనే చెప్పాడు. బావ వినకపోవడం వల్ల వాడు తన షెడ్డు రేకులు పీకేసి స్లాబు వేయించుకున్నాడు.

ముందు ఇంజను బెల్టు. అరచేయంత వెడల్పున్న రబ్బరు పట్టీ. అది మార్చాలంటే ఇంజను మొత్తం కిందికి దించాలట. పట్టీ ఖరీదు రెండు రోజుల జీతం, దించి ఎత్తడానికి నెలన్నర జీతం. తర్వాత టైర్లు. ముందువి ఒక కొలత, వెనకవి ఒక కొలత. ఒకటి అరిగితే నాలుగూ మార్చాలి. తర్వాత బ్రేకులు. మామూలు బ్రేకులైతే ఆ ఠీవి ఆగదట. బీమా కంపెనీవాళ్ళు కారు వయసు చూసి డబ్బు తక్కువిస్తామన్నారు, కారు జాతి చూసి ప్రీమియం ఎక్కువ కట్టమన్నారు. మామూలు పెట్రోలు దానికి అరగదు. కదిలినా ఖర్చే, కదలకపోయినా ఖర్చే. నెలరోజులు ఊరికే నిలబెడితే బ్యాటరీ చచ్చిపోయేది. చిన్న రబ్బరు వాషరు కూడా సముద్రాలు దాటి రావలసిందే. అదొచ్చేదాకా బావ బస్సులో ఆఫీసుకి వెళ్ళేవాడు. అదొచ్చాక కూడా బస్సులోనే వెళ్ళేవాడు, ఎందుకంటే ఆఫీసు దగ్గర కారుని ఎండలో పెట్టడం ఆయనకి ఇష్టం లేదు.

“ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడతామా?” అనేవాడు నన్ను చూసి.

ఒకే ఒక్కసారి అక్కని షికారు తీసుకెళ్ళాడు. కారు నేలకి జానెడెత్తున ఉంటుంది. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా బరువు తగ్గించడానికి అక్క దిగాలి. బండి ఏటవాలుగా, పసిపిల్లలా పాకి దాన్ని దాటాక మళ్ళీ ఎక్కాలి. అక్క పదకొండుసార్లు దిగి పదిసార్లు ఎక్కింది. పదకొండోసారి ఎక్కకుండా నడిచి ఇంటికొచ్చేసింది. బావకంటే ముందే చేరింది.

ఇంత తింటున్నా ఆ కారుని ఎందుకు వదిలించుకోవడం లేదో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన నీలం అట్ట నోటుబుక్కు చూపించాడు. అందులో తన డిపో నిబంధనలే కారుకి అమలు చేస్తున్నాడు. నిబంధన ఏమిటంటే, మరమ్మతు ఖర్చు బండి విలువలో సగం దాటకపోతే చేయించవచ్చు, దాటితే తుక్కు. బాగానే ఉంది. కానీ చేయించిన మరమ్మతు ఖర్చుని బండి విలువకి కలపాలట. కారు కొన్నది పది నెలల జీతానికి. బెల్టుతో పదకొండున్నర. టైర్లతో పన్నెండున్నర. అలా తిన్నకొద్దీ దాని విలువ పెరిగింది. విలువ పెరిగినకొద్దీ సగమూ పెరిగింది. బ్యాంకులో దాచుకున్నది దిగుతుంటే నోటుబుక్కులో కారు ఎక్కుతూ ఇరవై నెలల జీతానికి చేరింది.

“ఇప్పుడు గేరుబాక్సు పోయిందిరా,” అన్నాడు బావ ఉత్సాహంగా. “నాలుగు నెలల జీతమవుతుంది. నిబంధన ప్రకారం పదిదాకా పెట్టొచ్చు. అంటే ఆరు నెలల జీతం మనకి మిగిలినట్టే.”

“బావా, ఈ లెక్కన ఆ కారు ఈ జన్మలో తుక్కవదు. ఎంత చెడిపోతే అంత ఖరీదైపోతుంది. బజారులో అడుగు, నీకు మూడు నెలల జీతం కూడా ఇవ్వరు.”

“బజారువాళ్ళకేం తెలుసు? నిబంధన నిబంధనే.”

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. డిపోలో బండ్లన్నీ ఇలాగే బతికిపోవాలి కదా, మరి ఎలా చచ్చేవంటే, అక్కడ డబ్బు మంజూరు చేసేది పైఅధికారి. మొదటి మరమ్మతే మంజూరయ్యేది కాదు. ఇక్కడ పైఅధికారీ ఆయనే.

అప్పుడే అక్కకి ఆర్డరు వచ్చింది. ఒక ఆసుపత్రి పెద్ద నర్సమ్మ, నలభై తెల్లకోట్లు ఇరవై రోజుల్లో కావాలంది. బాగా కుడితే ఏటా యూనిఫారాలన్నీ అక్కకేనంది. అక్క జీవితంలో అంత పెద్ద పని ఎప్పుడూ రాలేదు. కానీ తెల్లబట్ట వంటింట్లో ఎలా కత్తిరిస్తుంది? మొదటి రోజే ఒక చేతిముక్క మీద కూర మరక పడింది. అక్క ఆ ముక్కని పట్టుకునే ముందుకొచ్చింది.

“సోమవారానికి గది ఖాళీ చేయాలండీ,” అంది బావతో.

“గేరుబాక్సు మెకానిక్కు దగ్గరుంది. లోపలి గేరు రావడానికి ఏడు వారాలన్నాడు. అది లేకుండా కారెలా కదులుతుంది?”

“నాకు ఇరవై రోజులే ఉన్నాయి.”

“చూద్దాంలే,” అన్నాడు బావ. మా ఇళ్ళలో ఆ మాటకి అర్థం చూడనని.

ఆరు కోట్లు కుట్టడం అయ్యాక మిషను మోటారు కాలిపోయింది. ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. వంటింట్లో కాలిన వాసన. అక్క గుడ్డముక్కల మధ్య స్టూలు మీద కూర్చుని ఉంది.

“మోటారు మార్చాలట. నాలుగు రోజుల జీతమవుతుందన్నారు,” అంది.

బావ అలవాటుగా నోటుబుక్కు తీశాడు. అందులో ఇంట్లోని ఫ్యాను, బీరువా, అక్క మిషను, అన్నిటికీ తలా ఒక పేజీ ఉంది. ఖర్చు పెట్టని ఏడాది వస్తువు విలువ పదోవంతు తగ్గించాలని ఇంకో నిబంధన. పెన్సిలుతో కిందిదాకా వచ్చి, “నీ మిషను విలువ ఇప్పుడు నాలుగు రోజుల జీతం. సగమంటే రెండు. కుదరదు. మరమ్మతుకు తగదు,” అన్నాడు. పాపం, ద్వేషంతో అన్నది కాదు. ఇరవై రెండేళ్ళ నోరది, దానంతటదే అనేసింది.

“అంత ఎందుకు తగ్గింది?” అంది అక్క.

“ఇరవై ఏళ్ళుగా దాని మీద ఒక్క పైసా ఖర్చు లేదుగా.”

“ఎందుకు లేదు?”

“అదెప్పుడూ చెడిపోలేదుగా...” అని ఆగిపోయాడు.

అక్క గొంతు పెంచలేదు. “అంటే ఇరవై ఏళ్ళు చెడిపోకుండా పనిచేసినందుకు అది తుక్కు. వారం వారం చెడిపోయినందుకు ఆ కారు బంగారం. అంతేగా? మరి నా పేజీ ఎక్కడుందండీ? పంతొమ్మిదేళ్ళుగా నేను కూడా చెడిపోలేదు.”

బావ నోటుబుక్కు మూశాడు. నాకు ఆయన్ని చూస్తే ఎంత కోపం వచ్చిందో, అక్కని చూస్తే అంత ఏడుపొచ్చింది.

మర్నాడు ఆయన మారాడనుకుంటే మన పిచ్చి. ఆఫీసు నుంచి వస్తూ ఒక పెట్టె తెచ్చాడు. లోపల ఖరీదైన చేతిగడియారం. నెల జీతం పైమాటే. అక్క చేతికిస్తూ, నోటుబుక్కులో ఆమె పేరుతో కొత్త పేజీ తెరిచి, ఆ ఖరీదు అప్పటికే రాసిపెట్టానని చూపించాడు. నిజంగానే సంతోషంగా ఉన్నాడు. లోపం పట్టుబడింది, సరిచేశాను అన్నట్టు.

అక్క గడియారాన్ని పెట్టెలో పెట్టి మూసింది. రసీదు పైన పెట్టింది.

“ఇది తిరిగిచ్చేసి రండి. నాకు విలువ పెంచక్కర్లేదు. గది కావాలి. రేపు పొద్దునకి కారు బయట లేకపోతే, ఈ కోట్లు పట్టుకుని నేనే బయటికెళతాను. అద్దెకి ఎక్కడో ఒక గది దొరక్కపోదు. ఆ తర్వాత నేను ఇక్కడికి తిరిగి వస్తానో రానో నాకే తెలీదు.”

పంతొమ్మిదేళ్ళలో అక్క అలాంటి మాట అనడం అదే మొదలు. బావ గడియారం పెట్టె చంకలో పెట్టుకుని చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు. దుకాణానికి వెళ్ళాడో మెకానిక్కు దగ్గరికి వెళ్ళాడో అక్క అడగలేదు. రెండుచోట్లకీ వెళ్ళాడని మర్నాడు తెలిసింది.

పొద్దున్నే మెకానిక్కు వచ్చాడు. స్పేరుపార్టుల కింద లెక్కగట్టి రెండు నెలల జీతం బావ చేతిలో పెట్టాడు. “మొదట్లోనే అమ్మేయమన్నాను సార్,” అన్నాడు నేల చూపులు చూస్తూ. బావ బేరమాడలేదు. షట్టరు ఎత్తి, నేనూ బావా మెకానిక్కూ కలిసి కారుని వీధిలోకి తోశాం. అది అంత తేలిగ్గా కదలడం నేను ఎప్పుడూ చూడలేదు. మూల తిరిగేదాకా బావ దాని వెనకే వెళ్ళి, కళ్ళు తుడుచుకుని వచ్చాడు. నేను నవ్వలేదు. ఇష్టపడ్డదాన్ని పోగొట్టుకున్న మనిషిని చూసి ఎలా నవ్వుతాం?

గదిలో నేలంతా నల్లటి ఆయిలు. తెల్లబట్ట పరవాలి కాబట్టి బావ కిరసనాయిలూ సబ్బూ పెట్టి మోకాళ్ళ మీద కూర్చుని తోమాడు. ఆఫీసుకి సెలవు పెట్టాడు. మధ్యాహ్నానికి మిషను బావ వేయించిన కొత్త మోటారుతో కిటికీ పక్కకి వచ్చింది. బల్ల వచ్చింది. అద్దం వచ్చింది. అక్క ఏడో కోటు మొదలుపెట్టింది.

అప్పుడు వీధిలో పోతున్న ఒక పెద్దావిడ ఆగి లోపలికి తొంగిచూసింది. ఒకప్పుడు అక్క దగ్గరే అన్నీ కుట్టించుకునేది.

“ఏమ్మా, మళ్ళీ తెరిచావా? మానేశావనుకున్నాం. మా వీధిలోవాళ్ళం అందరం వేరేచోట ఇచ్చుకుంటున్నాం.”

“మానలేదండీ. వంటింట్లో ఉన్నాను,” అంది అక్క.

ఆవిడ ‘అయ్యో’ అనుకుంటూ వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఇంకా తోముతున్న బావ గుడ్డ పక్కన పెట్టాడు. “ఎంతమంది అలా వెళ్ళిపోయారు?” అన్నాడు. “పద్నాలుగు నెలల్లో ఎంత పోయి ఉంటుంది?”

అక్క కుట్టు ఆపకుండానే చెప్పింది.

“నేను లెక్క రాయలేదండీ. రాస్తే మీతో కాపురం చేయలేనేమోనని భయమేసింది.”